పెట్రోలు అయిపోతే పడిపోతావా తాతయ్యా?

చిన్నా, బుజ్జమ్మా,

మొన్న వీడియో కాల్‌లో మీరు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. చెప్పబోతుంటే మీ అమ్మమ్మ ఫోన్ లాగేసుకుని "పిల్లలకి కూడా ఆ పిచ్చి ఎక్కించకండి" అంది. అందుకే రాస్తున్నాను.

పెట్రోలు అయిపోతే పడిపోను. దిగుతాను. పారామోటార్ అంటే రెండు వస్తువులు: నెత్తిమీద గుడ్డ రెక్క, వీపుకి ఇంజను. మనిషిని గాల్లో నిలబెట్టేది రెక్క, ఇంజను వెనక నుంచి తోస్తుంది, అంతే. ఇంజను ఆగిపోతే ముందుకు జారుకుంటూ మెల్లగా కిందికి వస్తాం, సెకనుకి ఒకటిన్నర రెండు మీటర్ల చొప్పున. అంటే వంద మీటర్ల ఎత్తులో ఆగిపోతే దాదాపు నిమిషం టైముంటుంది, ఆ నిమిషంలో అర కిలోమీటరు దూరం పోవచ్చు, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. కాబట్టి అడగాల్సిన ప్రశ్న పడిపోతావా అని కాదు, ఆ అర కిలోమీటరు లోపల దిగడానికి చోటుందా అని. మన కోనసీమలో దీనికి జవాబు చెప్పడం చాలా కష్టం, నమ్మండి.

నేను దుబాయ్‌లో జనరేటర్ మెకానిక్కుగా ఉన్నప్పుడు ఇది మొదటిసారి చూశాను. 2015 డిసెంబర్లో అక్కడ వరల్డ్ ఎయిర్ గేమ్స్ జరిగాయి, అందులో పారామోటార్లతో స్తంభాల మధ్య పాముల్లా మెలికలు తిరుగుతూ పోటీ పడ్డారు. పనికి సెలవు పెట్టి మరీ వెళ్లి నోరెళ్లబెట్టుకుని చూశాను. తర్వాత అక్కడే ఎడారిలో నేర్చుకున్నాను. ఎడారిలో ఇంజను ఎక్కడ ఆగినా కింద ఇసుకే, దులుపుకుని లేవడమే. ఆ ధైర్యంతోనే ఊరికి వచ్చాను. ఇక్కడ పైకి లేచి కిందికి చూస్తే ఏముంది? కాలువ, చెరువు, కొబ్బరితోట, కరెంటు తీగ, మళ్లీ కాలువ. మొదటిరోజు పది నిమిషాల్లో దిగిపోయాను.

ఇంజను లేకుండా ఎగరొచ్చు కదా అంటారేమో. ఎగరొచ్చు, దాన్నే పారాగ్లైడింగ్ అంటారు, కానీ దానికి కొండ కావాలి. హిమాచల్‌లో బిల్లింగ్ అని సుమారు 2,400 మీటర్ల ఎత్తు చోటుంది, అక్కడి నుంచి లేచి కింద బీర్ అనే ఊళ్లో దిగుతారు, ప్రపంచకప్ పోటీలు కూడా జరిగాయి. మన ఊళ్లో ఎత్తు అంటే ఏటిగట్టే. గట్టు మీంచి దూకితే ఎగరడం ఉండదు, గోదాట్లో మునగడమే. అందుకని మనం వీపుకి మోటారు కట్టుకోవాలి.

ఆ రెక్క ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఇది నాకు భలే ఇష్టం. దిండు గలీబులు ఓ నలభై యాభై పక్కపక్కన వరసగా కుట్టేశారనుకోండి, ముందువైపు మూతులు మాత్రం తెరిచి ఉంచారు. గాలి ఆ మూతుల్లోంచి లోపలికి పోయి గలీబులన్నీ ఉబ్బి రెక్క ఆకారంలో బిగుస్తాయి. లోపల గట్టి చట్రం ఏదీ ఉండదు, గాలే దానికి ఎముక. ఇలాంటి రెక్కకి 1964లో దారి చూపించినవాడు డొమినా జాల్బర్ట్ అని గాలిపటాలూ బెలూన్లూ చేసే ఆయన. మనవాళ్లు గాలిపటం ఎగరేస్తుంటే చదువు పాడైపోతుందని వీపు మీద వేస్తారు!

ఇంజను సంగతి మీ నాన్నకి తెలుసు, చేలో మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్‌కి పెద్దన్న లాంటిది. అదే టూ స్ట్రోక్, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి, నేను పది లీటర్లకి 250 మిల్లీలీటర్లు కలుపుతాను. నాది 185 సీసీ, 25 హార్స్‌పవర్. గంటకి నాలుగు లీటర్ల దాకా తాగుతుంది. ట్యాంకు నింపితే బరువంతా కలిపి 35 కేజీలు, అంటే పాతిక కేజీల బియ్యం బస్తా వీపున వేసుకుని దాని మీద ఇంకో పది కేజీలు పెట్టుకుని పరిగెత్తడం. గాలికి ఎదురుగా పది పదిహేను అడుగులు పరిగెత్తగానే రెక్క ఆ బరువంతా ఎత్తేస్తుంది, ఆ క్షణం ఎలా ఉంటుందో మాత్రం రాసి చెప్పలేను. డబ్బు సంగతి కూడా అడిగారు. కొత్త సెట్టు కొనాలంటే సెకండ్‌హ్యాండ్ కారు డబ్బులవుతాయి, నాది ఇంకొకరు వాడింది.

వెనక ఫ్యాను ఉంది చూశారా, నా చేతులు బార చాపినంత ఉండదు కానీ దగ్గరదగ్గరగా ఉంటుంది, నిమిషానికి రెండు వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. చుట్టూ వల కట్టిన బోను ఉంటుంది గానీ ఆ వల ఉంది కదా అని చెయ్యి పెట్టడానికి లేదు. ఈ ఆటలో జనం ఎక్కువగా దెబ్బలు తినేది ఆకాశంలో అనుకుంటారు, కానీ నేల మీద ఇంజను స్టార్ట్ చేస్తూ వేళ్లు, చేతులు పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అందుకే నేను తాడు లాగే ముందు చుట్టూ చూసి గట్టిగా అరుస్తాను. ఒకసారి మన వీధి చివర ఉండే మావయ్య వరస ఆయన పంచె కట్టుకుని మెడలో తువ్వాలుతో వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంజను ఆపేశాను. ఆయనకి కోపం వచ్చింది, రానీ. ఆ తువ్వాలు ఫ్యానులోకి పోతే దాంతోపాటు మెడ కూడా పోతుంది.

పొద్దున్న ఎలా ఉంటుందంటే, డిసెంబర్లో సార్వా కోతలయ్యాక, దాళ్వా నాట్లకి చేలల్లోకి నీళ్లు పెట్టేలోపు ఓ రెండు మూడు వారాలు మాత్రం మన చేలు ఆరి ఉంటాయి. చీకటితోనే వెళ్లి ధాన్యం ఆరబోసే బరకం పరుస్తాను. ఎందుకంటే కోసిన వరి దుబ్బులకి రెక్క తాళ్లు చిక్కుకుంటాయి, అవి మందంలో దారమంతే ఉంటాయి గానీ ఒక్కోటి మనిషి బరువు మోస్తుంది. ఒక తాడు దుబ్బుకి పట్టుకుని రెక్క సగమే లేచిందా, పక్కకి లాగి పడేస్తుంది. అందుకని బరకం మీద రెక్క పరిచి, ఒక్కో తాడూ వేలితో మీటుతూ చివరిదాకా చూస్తాను, మీ అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధగా. గుడ్డ మీద మంచు తడి ఉంటే ఎగరను, బరువెక్కి లేవదు. పొగమంచు ఉన్నా ఎగరను, తీగలు కనపడవు. మంచు విడిచేసరికి ఎనిమిదవుతుంది, తొమ్మిది దాటితే ఎండకి నేల వేడెక్కి గాలి బుడగల్లా పైకి లేస్తుంది, రెక్కని కుదిపేస్తుంది. అంటే శీతాకాలంలో చాలా రోజులు నేను చలిలో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగి తిరిగొస్తాను. నవ్వకండి.

గాలి ఎటు వీస్తుందో, ఎంత వీస్తుందో చెప్పడానికి ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, చూస్తాను కూడా, కానీ చెరువు ఇంకా బాగా చెప్తుంది. గాలి వచ్చే వైపు గట్టు దగ్గర నీళ్లు నున్నగా ఉంటాయి, అవతలి గట్టు దగ్గర ముడతలు పడతాయి. పైనుంచి చూస్తే ఎంత స్పష్టంగా కనపడుతుందో! కొబ్బరి మట్టలు కూడా చూడండి, చివర ఆకులు మాత్రం ఊగుతుంటే పర్లేదు, మట్ట మొత్తం ఊగుతుంటే ఇంటికి పోవడమే. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరిచెట్లు ఏమయ్యాయో చూసినవాడిని, గాలితో పంతం పెట్టుకోను. ఇంకోటి, తోట వెనకాల గాలి సుడులు తిరుగుతుంది, కాలువలో స్తంభం వెనక నీళ్లు తిరిగినట్టే. అందుకని తోటకి గాలి తగలని వైపు దగ్గరగా ఎప్పుడూ దిగకూడదు.

సముద్రం ఒడ్డున, అంతర్వేది, పేరుపాలెం వైపు, గాలి తీరే వేరు. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ఆ టైములో ఎగురుతూ ఇంజను ఆగితే మెల్లగా సముద్రం వైపే తీసుకుపోతుంది. సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలి నున్నగా, సిల్కు గుడ్డలా ఉంటుంది గానీ ఒక్కోసారి రెక్క వేగానికి సమానంగా వీస్తుంది, అప్పుడు గాల్లో ఒకేచోట నిలబడిపోతాం. చూసేవాళ్లకి భలే ఉంటుంది, మనకి టెన్షన్. ఇసుక మీదికి జారి రాగలిగే ఎత్తు, దూరం దాటి నీళ్ల మీదికి వెళ్లకూడదు, అంతకుమించి ఇంకో మాట లేదు. ఎందుకంటే 25 కేజీల ఇంజను వీపున కట్టుకుని నీళ్లలో పడితే ఈత వచ్చినా లాభం లేదు, బోర్లా తిప్పేస్తుంది, మీద నుంచి తాళ్లు చుట్టుకుంటాయి. సముద్రం దాకా ఎందుకు, మన పంటకాలువలో నాలుగడుగుల నీళ్లు చాలు. అందుకే ఇంజనుకి నీళ్లు తగలగానే తనంతట తానే ఉబ్బే గాలిసంచి కట్టాను, తాళ్లు కోసే చిన్న కత్తి ఛాతీ మీద పెట్టుకుంటాను, మీ అమ్మమ్మకి అది పళ్లు కోసుకోవడానికని చెప్పాను.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చూడ్డానికి ఎంత మైదానమో, దిగడానికి అంత దరిద్రం. అన్నీ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ప్రతి చెరువుకీ ఏరేటర్లకి కరెంటు లైను, పైగా పక్షులు దిగకుండా చెరువు మీద దారాలు కడతారు, అవి పైనుంచి అస్సలు కనపడవు. కొల్లేరు మీదికి వెళ్లను, మనం ఎగిరే నెలల్లోనే పెలికాన్లు ఉంటాయి, అది వాటి చోటు. కోరింగ మడ అడవి కూడా అంతే, అక్కడ దిగాలంటే చెట్టు మీదే దిగాలి. నాకు నచ్చినవి రెండే. ఒకటి చెప్పాను, కోసిన చేలు. రెండోది వేసవిలో ధవళేశ్వరం కింద గోదావరి పాయల్లో బయటపడే ఇసుక తిన్నెలు. మధురపూడి విమానాశ్రయం ఛాయలకి పోకూడదు, ఒడలరేవు గ్యాస్ టెర్మినల్ లాంటి వాటి మీద అసలు పోకూడదు. అనుమతులు కావాలి. ఢిల్లీలో అయితే రిపబ్లిక్ డే ముందు పారామోటార్లని పేరు పెట్టి మరీ నిషేధిస్తారు. ఇక్కడ ఒక ఆఫీసుకి నేను కాగితం పట్టుకుని మూడుసార్లు తిరిగాను, మూడోసారి కూడా అక్కడి గుమాస్తా "ఇంతకీ ఇది డ్రోనా, మనిషా?" అని అడిగాడు. బరువు చెప్తే మనిషే అని తేల్చాడు.

ఇక పోయిన డిసెంబరు సంగతి. 120 మీటర్ల ఎత్తులో ఉండగా ఇంజను ఠక్కున ఆగిపోయింది. తర్వాత తెలిసింది, స్పార్క్ ప్లగ్ క్యాప్ అదురుకి ఊడిపోయింది, ముందురోజు సాయంత్రం చూశాను కదా అని పొద్దున్న చూడలేదు, తప్పు నాదే. అంత హోరు ఆగేసరికి ఎంత నిశ్శబ్దమంటే కింద ఎవరో గేదెని అదిలించడం కూడా వినపడింది. భయం వేయలేదు, ఎందుకంటే చేను ముందే ఎంచుకుని ఉన్నాను, ఎగిరినంతసేపూ కళ్లు అదే పని చేస్తాయి. దిగుతూ దిగుతూ ఉండగా ఆ చేను మూల బోరు మోటారు స్తంభం కనపడింది. తీగ కనపడలేదు, కానీ స్తంభం ఉందంటే తీగ ఉన్నట్టే. ఇంకో ముప్పై మీటర్లే ఎత్తు, రిజర్వ్ పారాచూట్ తెరిచేంత టైము లేదు, అవసరం కూడా లేదు. రెక్కని తిప్పే కుడివైపు బ్రేకు తాడు లాగి పక్కకి తిరిగాను, తీగ తప్పింది, చేను కూడా తప్పింది. గట్టు దాటి బోదెలో, అదే చేల పక్క పిల్లకాలువలో దిగాను, మోకాళ్ల దాకా నీళ్లు, తొడల దాకా బురద. గేదె కాసేవాడు వచ్చి ముందు రెక్క లాగి గట్టు మీద వేశాడు, తర్వాత నన్ను లాగాడు. రెక్కని మంచినీళ్లతో కడిగి, సబ్బు పెట్టకుండా, తోటలో నీడన ఆరేశాను. ఎండలో వేస్తే గుడ్డ పాడవుతుంది.

వేసవి సెలవులకి మీరు వచ్చేసరికి దాళ్వా కోతలై కాలువలు కట్టేస్తారు. ఎగరడం కాదు, దానికి మీరు ఇంకా పెద్దవ్వాలి, ముందు రెక్కని నేల మీద నిలబెట్టడం నేర్పిస్తాను. ఇంజను ఉండదు, పిల్లగాలి ఉన్నప్పుడు చిన్న రెక్క, నేను వెనక పట్టుకుని ఉంటాను. పొద్దున్న ఐదింటికి లేవాలి. బూట్లు, పొడుగు చేతుల చొక్కాలు తెచ్చుకోండి, చెప్పులతో వస్తే దుబ్బులు గుచ్చుకుంటాయి.

ఈ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపిస్తే బోదె సంగతి మాత్రం దాటేయండి. ఆ రోజు బురదెక్కడిదని అడిగితే రేవులో పంటు పడవ దిగుతూ జారానని చెప్పాను.

మీ తాతయ్య