బర్నింగ్ మ్యాన్‌కి బట్టలెందుకు? అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని నెవాడా ఎడారిలో ఏటా జరిగే కళల ఉత్సవం బర్నింగ్ మ్యాన్‌కి కాస్ట్యూమ్స్ కుడతానంటే, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్లలో చాలామంది ముందు నవ్వుతారు. "అక్కడికి బట్టలెందుకండీ?" అని అడుగుతారు.

అపోహ: అక్కడ అందరూ నగ్నంగానే తిరుగుతారు.

వాస్తవం: కొందరు తిరుగుతారు, ఎవరూ పట్టించుకోరు. పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలూ ఉంటాయి. కానీ ఎక్కువమంది ఒంటిమీద ఏదో ఒకటి ఉంటుంది. 1990 నుంచి ఈ ఉత్సవం జరిగే బ్లాక్ రాక్ ఎడారి ఒకప్పటి సరస్సు అడుగు. అక్కడి దుమ్ముకి క్షారగుణం, పాదాలు పగిలిపోతాయి. వెనిగర్ కలిపిన నీళ్లతో కడుక్కోవాలి. పగలు మాడ్చేసే ఎండ, రాత్రి వణికించే చలి. మధ్యాహ్నం నూలుపోగు లేకుండా తిరిగిన మనిషికీ కాళ్లకు బూట్లు, కళ్లకు గాగుల్స్ తప్పవు. చీకటి పడితే బొచ్చుకోటు కోసం వెతుక్కుంటాడు. నాకు ఎక్కువ ఆర్డర్లు ఆ కోట్లకే!

అపోహ: ఎంత మెరిస్తే అంత బాగుంటుంది.

వాస్తవం: ఈకలు, గ్లిటర్, రాలిపోయే చెమ్కీలు తేవద్దంటారు. రాలిందల్లా చెత్తే, ఏరలేక చస్తారు. అందుకే ప్రతి పూసకీ విడిగా ముడి వేస్తాను.

అపోహ: అక్కడ ఆడామగా తేడా ఉండదు.

వాస్తవం: నాకు అసలు పేచీ దీనితోనే. అలంకరణలో మగవాళ్లకు దొరికే స్వేచ్ఛ నిజమే. ఆఫీసుకి నీలం చొక్కా తప్ప వేయనివాళ్లు గౌను, గాజులు, నెయిల్ పాలిష్ వేసుకుని హాయిగా తిరుగుతారు. బట్టలు విప్పే దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. 1990ల మధ్యలో కొందరు ఆడవాళ్లు పైన ఏమీ లేకుండా సైకిల్ యాత్ర మొదలుపెట్టారు. అది వాళ్ల సరదా కోసం. పోనుపోను దారికిరువైపులా మగవాళ్లు కెమెరాలతో బారులు తీరారు. అదే, చొక్కా మాత్రం వేసుకుని కింద ఏమీ వేసుకోని మగవాడు కనిపిస్తే జనం నవ్వి, ప్యాంటు ఇస్తామంటారు. అతనికి ఎగతాళి, ఆమెకు ఫొటో. ఈ రెండూ సమానమని నేను ఒప్పుకోను.

అపోహ: బహిరంగంగా తిరుగుతున్నారు కాబట్టి ఫొటో తీయొచ్చు.

వాస్తవం: అడిగి తీయాలి. నగ్నంగా ఉన్న ఆడవాళ్లను తీసి వీడియోలు అమ్ముకున్న ఒక కంపెనీ మీద 2002లో నిర్వాహకులు కేసు వేశారు, అమ్మకం ఆగింది. ఇప్పుడు ప్రతి జేబులో కెమెరానే. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు దుమ్ముకని మాస్క్ అడుగుతారు. కొందరైతే దుమ్ము సంగతి ఎత్తరు, ముఖం గుర్తుపట్టకుండా ఉంటే చాలంటారు.