ఒక్క పోస్టుకు నలుగురున్నర నర్సులు

గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో ఆస్పత్రుల గేట్ల మీద ‘స్టాఫ్ నర్సులు కావలెను’ అన్న కాగితం కనబడడం కొత్త కాదు. ఆ చుట్టుపక్కలే జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ అడ్మిషన్ల ఫ్లెక్సీలూ కడతారు. చదివేవాళ్లకు కొదవ లేనప్పుడు కొరత ఎక్కడిదో తెలియాలంటే ముందు డ్యూటీ చార్టు చూడాలి.

ఒక పోస్టులో 24 గంటలూ మనిషి ఉండాలంటే ఎనిమిది గంటల చొప్పున వారానికి 21 షిఫ్టులు. ఒక నర్సు చేయగలిగేది ఆరు. అంటే మూడున్నర మంది. సెలవులు, ప్రసూతి, జ్వరాల కోసం 30 శాతం అదనం కలిపితే నాలుగున్నర దాటుతుంది. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్కన పది వెంటిలేటర్లకు 45 మంది కావాలి. ‘పదిమందిని తీసుకున్నాం కదా’ అనే యాజమాన్యానికి షిఫ్టుకు మిగిలేది ఇద్దరే.

జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకొక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికొకరు ఉండాలి. ముప్పై మందికి ఒకే సిస్టర్ ఉన్న రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. బీపీ, నాడి, జ్వరం, శ్వాస చూసి చార్టులో రాయడానికి మనిషికి అయిదు నిమిషాలనుకున్నా ఒక్క రౌండుకే రెండున్నర గంటలు. యాంటీబయాటిక్‌ను కలిపి, పేరు సరిచూసి, నెమ్మదిగా ఎక్కించాలంటే నాలుగేసి నిమిషాలు. పదింటికి మొదలుపెట్టిన డోసు చివరి మంచానికి చేరేసరికి పన్నెండు. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, దానికి ఇద్దరు కావాలి. ఆ పని పేషెంటు తాలూకు వాళ్ల మీద పడుతుంది, వాళ్లు నిద్రపోతే నడుము కింద చర్మం ఎర్రబడి పుండవుతుంది. సెలైన్ కోసం నరంలో పెట్టిన గొట్టం, అంటే కాన్యులా దగ్గర చెయ్యి వాచిందని కూడా ముందు చూసేది వాళ్లే. ఒక్కో నర్సు మీద ఒక్కో సర్జరీ రోగి పెరిగినకొద్దీ 30 రోజుల్లో మరణించే ప్రమాదం 7 శాతం చొప్పున పెరిగిందని 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో తేల్చింది.

ఈ కొరత నిన్నటిది కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచారు. పరాయివాళ్ల మలమూత్రాలు తీయడం, మగవాళ్లను ముట్టుకోవడం పరువు తక్కువనుకున్న కాలమది. చాలాకాలం ఈ పనిలోకి ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలే వచ్చారు. ఆ చిన్నచూపు జీతంలో ఇప్పటికీ కనబడుతుంది. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ లెక్కపెడితే దేశం మొత్తానికి ఏడు వేల మంది నర్సులు, అంటే 43 వేల జనాభాకు ఒకరు. 500 మందికి ఒకరు ఉండాలని కమిటీ చెప్పింది. మరుసటేడు నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. కాలేజీలు విరివిగా పెరిగింది మాత్రం ప్రైవేటు రంగం దిగాక, అదీ విదేశీ ఉద్యోగం ఆశ చూపించి.

ప్రపంచమంతటా 2023లో 2.98 కోట్ల నర్సులుంటే, ఇంకా 58 లక్షలు తక్కువని డబ్ల్యూహెచ్‌వో 2025 నివేదిక చెప్పింది. ధనిక దేశాల నర్సుల్లో 23 శాతం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లే. తమ వృద్ధులను చూసుకోవడానికి సరిపడా మందిని తయారుచేసుకోకుండా, మన ఖర్చుతో తయారైనవాళ్లను తీసుకుపోవడమిది. బ్రిటన్ తన నియామక నియమావళిలో ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు భారత రాష్ట్రాల నుంచి ఏజెన్సీలు నర్సులను తీసుకోకూడదని రాసుకుంది. అవి బ్రిటిష్ సాయం పొందే రాష్ట్రాలన్నది కారణం. సొంతంగా దరఖాస్తు చేసుకునేవాళ్లకు మాత్రం అడ్డు లేదు.

సుప్రీంకోర్టు 2016లో ఆదేశిస్తే ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 దాటితే ప్రభుత్వ జీతమే ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీదే ఎక్కువ ఉంది. జీతం పెంచే బదులు ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే యాజమాన్యాలూ లేకపోలేదు.

గల్ఫ్ ఉద్యోగాలకు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం మోగితే కఫం అడ్డుపడిందా, ట్యూబు మడతపడిందా అని చూడాలని, లో ప్రెషర్ అయితే ఎక్కడో ఊడిందని వినగానే పట్టేయడానికి కొత్తమ్మాయికి దాదాపు అంతే కాలం పడుతుంది. ఆమె వీసా వచ్చి వెళ్లిపోయిన మర్నాడు ఆ మంచం దగ్గర డ్యూటీ పడేది మొన్న చేరిన అమ్మాయికి.