రమ్మీ నిషేధం నుంచి వీపీఎన్ దాకా: లొకేషన్ గొడవ ఎక్కడ మొదలైంది?

బెట్టింగ్ యాప్‌ల కేసులు వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ, నాలుగు రోజులు తిరక్కముందే చూపుడు వేలు వీపీఎన్ (మన ఇంటర్నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా పంపి లొకేషన్ మార్చి చూపించే సేవ) వైపు తిరుగుతుంది. ఈసారీ అదే జరుగుతోంది. సైట్లను బ్లాక్ చేస్తున్నా జనం లొకేషన్ మార్చుకుని ఆడుతున్నారని, ముందు ఆ దారి మూసేయాలని ఒక వాదన. ఇది కొత్తదేం కాదు. 2021లో పార్లమెంటు హోం వ్యవహారాల స్థాయీ సంఘం కూడా ఇంటర్నెట్ కంపెనీల సాయంతో వీపీఎన్‌లను గుర్తించి శాశ్వతంగా బ్లాక్ చేయాలని సిఫారసు చేసింది.

వీపీఎన్ ఎలా పనిచేస్తుందో ఈపాటికి అందరికీ తెలిసిందే. పేకాట మీద ఉన్న పాత చట్టాల చరిత్ర జోలికీ వెళ్లడం లేదు. తెలుగు రాష్ట్రాల వరకు చూస్తే ఈ గొడవకు అసలు మలుపు 2017 జూన్. నగదు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధిస్తూ తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిన నెల అది. కొన్ని నెలలకు దాన్నే చట్టం చేశారు. ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు ఉండేది. ఆ మినహాయింపునే ఎత్తేశారు.

అప్పట్లో చర్చంతా రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అన్నదాని చుట్టూ తిరిగింది. ఆ చర్చకు మూలం కూడా మన ఊరే. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు చేసిన దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదని, ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవడానికి నైపుణ్యం కావాలని 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు పెట్టుబడులు తెచ్చుకుంది ఆ మాట చూపించే. అదే తీర్పులో, ఆటను అడ్డం పెట్టుకుని క్లబ్బు యజమాని లాభం తీస్తే నేరమయ్యే అవకాశం ఉందని కూడా ఉంది. ఆ భాగాన్ని మాత్రం కంపెనీలు అంతగా చదివి వినిపించలేదు.

ఆ చర్చ హోరులో ఒక చిన్న ప్రశ్న ఎవరికీ పట్టలేదు. ఇంటర్నెట్‌లో ఆడే ఆట తెలంగాణలో జరుగుతోందా, ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతోందా అన్నది ఎలా తెలుస్తుంది?

క్లబ్బయితే గోడలుంటాయి. ఫోన్‌కు అవి లేవు. పైగా రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో రెండు రాష్ట్రాలూ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. కోదాడలో కొన్న సిమ్‌కూ జగ్గయ్యపేటలో కొన్న సిమ్‌కూ తేడా లేదు. ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా) చూసి చెబుదామా అంటే, మొబైల్ డేటా వాడేవాళ్ల ఐపీ చాలాసార్లు ఆపరేటర్ గేట్‌వే, అంటే డేటా ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం, ఏ నగరంలో ఉంటే ఆ నగరాన్ని చూపిస్తుంది. శ్రీకాకుళంలో ఉన్నవాడు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు కనిపించడం మామూలే. దేశం ఏదో ఐపీ దాదాపు సరిగ్గానే చెబుతుంది, జిల్లా దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఇంటర్నెట్ కంపెనీలకు చెప్పి తెలంగాణ వరకే సైట్లు ఆపించాలన్నా, బ్లాక్ చేసే అధికారం ఐటీ చట్టం 69ఏ కింద కేంద్రం చేతిలో ఉంది.

ఇక మిగిలింది ఒక్క జీపీఎస్. అంటే ఆడేవాడి ఫోన్ తానెక్కడున్నానో తనే చెప్పాలి. దాన్ని సరిచూడాల్సింది ఎవరయ్యా అంటే, ఆ ఆట మీద కమీషన్ తీసుకునే కంపెనీ. చట్టంలో ఈ మాట ఎక్కడా రాయలేదు, అమలు మాత్రం ఇలాగే జరిగింది. కంపెనీలు తెలంగాణలో నగదు ఆటలు ఆపేశాయి. లొకేషన్ పర్మిషన్ ఇవ్వనిదే డబ్బు కట్టనివ్వకుండా యాప్‌లను మార్చుకున్నాయి. ఏస్2త్రీ అనే రమ్మీ సైట్ నడిపిన హెడ్ ఇన్ఫోటెక్ హైదరాబాద్ కంపెనీయే. సొంత ఊళ్లోనే తన ఆటను కట్టేసుకోవాల్సి వచ్చి, హైకోర్టుకు వెళ్లిన కంపెనీల్లో అదీ ఒకటయింది.

2017 జూన్ నుంచి 2020 సెప్టెంబరు దాకా, మూడేళ్లకు పైగా, జాతీయ రహదారి 65 మీద రాష్ట్ర సరిహద్దుకు ఇటు తప్పయింది అటు ఒప్పు. కోదాడలో రమ్మీ ఆడితే నేరం, కాస్త ముందుకెళ్లి జగ్గయ్యపేటలో ఆడితే కాదు. భద్రాచలంలో ఇంకా చిత్రం. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. బజారు ఒకటే, చట్టాలు రెండు.

'ఫేక్ జీపీఎస్' అన్న మాట తెలుగు కుర్రాళ్ల నోట ఎక్కువగా నానింది ఈ రోజుల్లోనే. ఇందులో పెద్ద హ్యాకింగేమీ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'మాక్ లొకేషన్ యాప్' (నకిలీ లొకేషన్ ఇచ్చే యాప్) అని ఒక వరుస ఉంటుంది. యాప్‌లు తయారుచేసేవాళ్లు పరీక్షల కోసం వాడుకోవడానికి గూగుల్ పెట్టిన సౌకర్యం అది. దాన్ని పట్టుకోవడం కూడా కష్టం కాదు, ఈ లొకేషన్ నకిలీదన్న గుర్తును ఆండ్రాయిడే యాప్‌కు అందిస్తుంది. అయితే ఆ గుర్తును చూడాలా వద్దా, చూస్తే డబ్బు కట్టేటప్పుడు చూడాలా, తీసుకునేటప్పుడు చూడాలా అన్నది కంపెనీ ఇష్టం. చాలా కంపెనీలు నిషేధిత రాష్ట్రం నుంచి ఆడినట్టు తేలితే గెలిచిన సొమ్ము ఇవ్వకుండా ఆపే హక్కును నిబంధనల్లో తమ దగ్గరే ఉంచుకున్నాయి. మోసం చేసింది ఆటగాడే అయినా, దాన్ని ఎప్పుడు బయటపెడితే ఎవరికి లాభమో లెక్క వేసుకోవచ్చు.

ఇంకో సంగతి. 2022 సెప్టెంబరులో గూగుల్ ప్రయోగాత్మకంగా అనుమతించేవరకు మన దేశంలో నగదు రమ్మీ, ఫాంటసీ యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉండేవి కావు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైల్) దించుకోవాలి, ఫోన్ హెచ్చరించినా 'అలౌ' నొక్కాలి. ఎక్కడినుంచో వచ్చిన లింకు నొక్కి యాప్ ఎక్కించుకోవడం అప్పటికే అలవాటైన ఫోన్లలోకే తర్వాత విదేశీ బెట్టింగ్ యాప్‌లు దూరాయి.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా నిషేధం బాట పట్టింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్ల జైలు, ఆడేవాళ్లకు ఆరు నెలలు అని కేబినెట్ నిర్ణయం వచ్చింది. చివరి ముక్క గుర్తుంచుకోవాలి, నేటి వివాదంలో అది మళ్లీ వస్తుంది. అక్టోబరు చివర్లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్ కేంద్ర మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు లేఖ రాస్తూ 132 వెబ్‌సైట్లు, యాప్‌లను రాష్ట్రంలో బ్లాక్ చేయించాలని కోరారు. నిషేధం తెచ్చిన కొద్ది వారాలకే, దాన్ని ఇంటర్నెట్‌లో అమలు చేసే తాళం తమ దగ్గర లేదని రాష్ట్రం కాగితం మీద ఒప్పుకున్నట్టయింది.

పక్క రాష్ట్రాల్లో కథ వేరుగా నడిచింది. తమిళనాడు నిషేధాన్ని 2021 ఆగస్టులో, కేరళ నోటిఫికేషన్‌ను అదే ఏడాది సెప్టెంబరులో, కర్ణాటక సవరణను 2022 ఫిబ్రవరిలో ఆయా హైకోర్టులు కొట్టేశాయి. మన రెండు రాష్ట్రాల్లో నిషేధం కొనసాగింది. దాంతో బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడు అక్కడ ఉన్నన్నాళ్లూ ఆడుకునేవాడు, సంక్రాంతికి ఊరొస్తే అదే ఫోన్‌లో అదే ఖాతా 'మీ రాష్ట్రంలో అందుబాటులో లేదు' అనేది. లొకేషన్ మార్చే యాప్ కోసం వెతకడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

పోలీసుల కోణం చూస్తే, వాళ్ల ఇబ్బంది నిజమైనదే. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల కుటుంబాలు వచ్చి నిలబడేది వాళ్ల ముందే. ఐపీ అడ్రస్ పట్టుకుని వెళ్తే అది ఏ విదేశీ సర్వర్ దగ్గరో ఆగిపోతుంది, ఆ కంపెనీ జవాబివ్వదు. దర్యాప్తు అధికారికి ఇది తలనొప్పే.

ఆ తలనొప్పి తగ్గించడానికే కేంద్రం 2022 ఏప్రిల్ 28న తన సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ద్వారా ఆదేశాలిచ్చింది. వీపీఎన్ కంపెనీలు ప్రతి వినియోగదారుడి అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఇచ్చిన ఐపీ అడ్రస్, సేవ ఎందుకు తీసుకుంటున్నాడన్న కారణం సహా నమోదు చేసుకోవాలి. ఖాతా మూసేశాక కూడా ఐదేళ్లు దాచాలి. ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చని అప్పటి సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ సూటిగానే చెప్పారు. వాళ్లు నిజంగానే వెళ్లిపోయారు. జూన్ 2న ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, అదే నెలలో సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్, సెప్టెంబరులో ప్రోటాన్ మన దేశంలోని సర్వర్లను తీసేశాయి. సేవ మాత్రం ఆగలేదు. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ జాబితాలో 'ఇండియా' ఎంచుకుంటే భారత ఐపీ అడ్రసే వస్తుంది, దాని వెనుక యంత్రం ఉన్నది సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో. అమెరికాలో ఉండి ఇక్కడి ఓటీటీ చూసే తెలుగువాడికి తేడా తెలియలేదు. తేడా పడింది దర్యాప్తు అధికారికే. ఇంతకుముందు నోటీసు పట్టుకుని వెళ్లడానికి సర్వరైనా దేశంలో ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

అదే ఏడాది మే 18న ఇచ్చిన వివరణలో కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఈ నిబంధన వర్తించదన్నారు. అలా అనక తప్పదు. మాదాపూర్ నుంచి పెందుర్తి దాకా ఇంట్లో కూర్చుని ఐటీ పనిచేసేవాళ్లంతా ఉదయం లాగిన్ అయ్యేది వీపీఎన్‌తోనే. మొత్తంగా నిషేధించాలన్న మాట ప్రతిసారీ ఈ గోడకే కొట్టుకుంటుంది. 2025 జనవరిలో క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 సహా కొన్ని వీపీఎన్ యాప్‌లు భారత యాప్ స్టోర్ల నుంచి తొలగిపోయాయి. జమ్మూకశ్మీర్‌లో భద్రతా కారణాలు చూపి కొన్ని జిల్లాల మేజిస్ట్రేట్లు తాత్కాలికంగా వీపీఎన్ వాడకాన్నే నిషేధించారు. దేశమంతటికీ వర్తించే అలాంటి నిషేధం రాలేదు.

ఇక అసలు ప్రశ్న: విదేశీ బెట్టింగ్ సైట్లో ఆడటానికి ఇవాళ వీపీఎన్ అంత అవసరమా? కేంద్రం వెయ్యికి పైగా బెట్టింగ్ సైట్లను బ్లాక్ చేసింది. 2023 నవంబరులో మహదేవ్ సహా 22 యాప్‌లు, సైట్లను ఒకేసారి మూయించింది. ఒక అడ్రస్ మూస్తే పేరు చివర అంకె మార్చుకుని ఇంకొకటి తెరుచుకుంటుంది. కొత్త లింకు టెలిగ్రామ్ గ్రూపులోకి వస్తుంది. చాలా చోట్ల బ్లాకింగ్ డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) స్థాయిలోనే ఉంటుంది కాబట్టి ఆ సెట్టింగ్ మార్చినా కొన్ని సైట్లు తెరుచుకుంటాయి. డబ్బు యూపీఐ మీద, ఎవరో అమాయకుడి పేరున తెరిచిన బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. ఆ ఖాతాకు పేరుంది, ఊరుంది, బ్రాంచి ఉంది. అక్కడ ఎవరూ లొకేషన్ దాచుకోవడం లేదు. ఇక 2025 మార్చిలో తెలంగాణలో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసేదాకా వెళ్లిన ప్రచారాల సంగతి చెప్పనక్కర్లేదు, తెలిసిన ముఖాలే తెలుగులో, పట్టపగలు, రీల్స్‌లో ఈ యాప్‌లను పొగిడాయి. వాటిని చూడటానికి ఎవరికీ వీపీఎన్ అక్కర్లేకపోయింది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ కథలో సరిహద్దును ఒక్కసారిగా చెరిపేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయ్యేసరికి డ్రీమ్11 వంటివి దేశమంతా నగదు పోటీలు ఆపేశాయి. రమ్మీ కంపెనీలూ అంతే. కోదాడ, జగ్గయ్యపేట, బెంగళూరు ఒకే గాటన పడ్డాయి. ఏస్2త్రీకి కొనసాగింపైన ఏ23 కంపెనీ ఈసారి కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది, తర్వాత ఇలాంటి పిటిషన్లన్నిటినీ సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. దేశంలోపల ఫేక్ జీపీఎస్‌తో పని లేకుండా పోయింది. మిగిలినవి దేశం బయటి సైట్లు. అనుమానం జీపీఎస్ మీద నుంచి వీపీఎన్ మీదికి జరిగింది ఇక్కడే. మాటల్లో రెండూ కలిపేస్తున్నా అవి వేరు. వీపీఎన్ ఐపీ అడ్రస్‌ను మారుస్తుంది, ఫోన్ జీపీఎస్‌ను ముట్టుకోదు.

కేంద్ర చట్టంలో ఇంకో అంశముంది. ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు బదిలీకి సహకరించే బ్యాంకులకూ శిక్షలున్నాయి. ఆడేవాడికి మాత్రం శిక్ష లేదు, అతన్ని బాధితుడిగానే చూస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2020 నిర్ణయంలో అతనే ఆరు నెలల ముద్దాయి. వీపీఎన్ పెట్టుకుని విదేశీ సైట్లో డబ్బు పోగొట్టుకున్న గుంటూరు కుర్రాడు ఫిర్యాదు చేయడానికి స్టేషన్ మెట్లెక్కితే, అతన్ని ఏ చట్టం కింద, ఏ వరుసలో కూర్చోబెట్టాలన్నది ముందు తేలాలి.