పాత కంప్యూటర్లు: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

అమలాపురంలో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఆదివారాలు షట్టరు సగం దించి, దాతలు ఇచ్చిన పాత సిస్టమ్‌లు బాగుచేసి చుట్టుపక్కల ఊళ్ల లైబ్రరీలకు, ట్యూషన్ సెంటర్లకు ఇస్తుంటాను. ఇచ్చేవాళ్ల దగ్గరా, తీసుకునేవాళ్ల దగ్గరా తరచూ వినే మాటలివి.

అపోహ: తెర రాకపోతే మదర్‌బోర్డు పోయినట్టే.

వాస్తవం: పోయిన నెల రాజోలు వైపు నుంచి ఒక సిస్టమ్ వచ్చింది. "బోర్డు పోయిందండి, పాత సామాన్లవాడికి వేసేద్దామనుకున్నాం" అన్నాడు తెచ్చినాయన. స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, బీప్ కొడుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. బీప్ కొడుతోందంటే బోర్డులో ప్రాణం ఉన్నట్టే. నాకు ముందు ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ ముక్క) మీదే అనుమానం. ఆ ముక్క పీకి, అంచునున్న బంగారు రంగు పళ్లను పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాను. తెర వెలిగింది. "ఆయ్, ఇంతేనా!" అన్నాడాయన.

తేదీ మాత్రం ఏళ్ల కిందటిది చూపించింది. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే జరిగేది ఇదే. తేదీ తప్పితే బ్రౌజరు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లను నమ్మదు, జనమేమో "నెట్ రావట్లేదు" అంటారు. మార్చాల్సింది ఆ 3 వోల్టుల బిళ్ల ఒక్కటే.

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. అంతర్వేది వైపు నుంచి వచ్చే క్యాబినెట్లకు ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి తిరగవు. ఒక ఎస్‌ఎంపీఎస్‌ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) మూల చీమలు ఏకంగా కాపురం పెట్టేశాయి, పక్కనే బల్లి గుడ్లు. ఎస్‌ఎంపీఎస్‌ డబ్బా మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది.

అపోహ: పాతది కాబట్టి స్లోగా ఉంటుంది.

వాస్తవం: నేను చూసిన వాటిలో చాలావాటికి అసలు రోగం హార్డ్ డిస్క్. అందులో పళ్లేలు తిరగాలి, సూదిలాంటి హెడ్ అటూ ఇటూ కదలాలి. దాని బదులు తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేస్తే పదేళ్ల సిస్టమ్ కూడా చదువుకునే పిల్లలకు హాయిగా సరిపోతుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. అందుకే ఆఫీసులు బాగా నడిచేవాటినీ పక్కన పెడుతున్నాయి. వాటిలో నేను విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను. అలాగని ఎంత పాతదైనా పనికొస్తుందని కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే మరో లైనక్స్‌లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. అలాంటి 32-బిట్ ప్రాసెసరున్న తొలినాటి పెంటియం 4లు తెస్తే కేబుళ్లు, స్క్రూలు తీసుకుని మిగతాది రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి పంపడమే.

అపోహ: లైనక్స్‌లో తెలుగు రాదు.

వాస్తవం: వస్తుంది, తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో సహా. కాకపోతే పాత అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి ఏవో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసుకునేవాళ్లకు విండోసే నయమని నేనే చెబుతాను.

అపోహ: ఫార్మాట్ కొట్టి ఇచ్చాం, మా డేటా ఏమీ మిగల్లేదు.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. క్విక్ ఫార్మాట్ కొట్టి ఒక ట్యూషన్ సెంటర్‌కి ఇచ్చాను. అక్కడి ఇంటర్ కుర్రాడు ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే దాతగారి పెళ్లి ఫోటోలు, ఆధార్ స్కాన్ బయటికొచ్చాయి. ఆ కుర్రాడు మంచివాడు, నాకే ఫోన్ చేశాడు. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. క్విక్ ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేస్తుంది, పేజీలు అలాగే ఉంటాయి. ఇప్పుడు హార్డ్ డిస్క్ మొత్తం ఒకసారి సున్నాలతో నింపుతాను. 500 జీబీకి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మకం కాదు, దానిలోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ వాడాలి.

అపోహ: కంప్యూటర్ ఇచ్చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ముందు ప్లగ్ పాయింటు చూడాలి. ఎర్త్ సరిగా లేకపోతే క్యాబినెట్ ముట్టుకోగానే జివ్వుమంటుంది. ఒకసారి షాక్ కొట్టిందంటే పిల్లలు మళ్లీ దాని దగ్గరికి రారు. లంక ఊళ్లలో అయితే నేల మీద పెట్టనివ్వను, వరద నీళ్లు గుమ్మం దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఒక లైబ్రరీకి ఇచ్చిన సిస్టమ్ ఎలా ఉందో చూద్దామని ఆర్నెల్లకు వెళ్లాను. మాస్టారు దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, తాడు కట్టి, బీరువా పక్కన భద్రంగా దాచారు. "పాడైపోతుందని తీయలేదండి" అన్నారు. కవరు విప్పితే లోపలంతా చెమ్మ, యూఎస్‌బీ పోర్టులకు తుప్పు. రోజూ వాడితే ఆ వేడికి తేమ ఆరిపోతుందని, కీబోర్డు పోతే ఇంకోటి ఇస్తానని చెప్పి, ఆ కవరు నాతోపాటే తెచ్చేశాను.