పాత కారుకు ఇంట్లోనే రిపేరు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. మేం ఉండేది విజయవాడ పటమటలో, మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్ కూతవేటు దూరం. అందుకే ఆదివారం పొద్దున్నే నేను బానెట్ ఎత్తితే చాలు, "పక్కనే ఆటోనగర్ పెట్టుకుని మీకెందుకండీ ఈ తిప్పలు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నా ఉద్యోగం వేరు. ఈ పని ఇష్టపడి నేర్చుకున్నాను, 11 ఏళ్లుగా చేస్తున్నాను. మెకానిక్‌కు సాయంత్రంలోగా నాలుగు బండ్లు ఇచ్చేయాలన్న టెన్షన్ ఉంటుంది. నాకు ఆ తొందర లేదు. ఒక లోపం ఎక్కడుందో తేలేదాకా వారం రోజులైనా వెతకగలను.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ వాల్వ్ అక్కర్లేదు, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

ఇది చాలామంది నమ్మే మాట. మా బండి మైలేజ్ లీటరుకు 16 నుంచి 12కు పడిపోయింది. డిసెంబరు పొద్దున్న ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు కింది గీత దాటేది కాదు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ రెండుసార్లు శుభ్రం చేశాను, ఫలితం లేదు. చివరికి పై హోస్ పైపు ఊడదీసి వాల్వ్ మూత విప్పితే లోపల ఖాళీ! ఏదో గ్యారేజీలో ఎప్పుడో తీసేశారు, మాకు చెప్పనే లేదు.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే పెట్రోలు బాగా మండుతుంది. ఆ వేడి వచ్చేదాకా నీళ్లను, వాటిని చల్లార్చే రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపడమే వాల్వ్ పని. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మండని పెట్రోలు, తేమ ఆయిల్‌లో కలుస్తాయి. అన్నిటికన్నా చెడ్డ సంగతి ఏమిటంటే, బండి వేడెక్కడానికి అసలు కారణం, అంటే పూడుకుపోయిన రేడియేటరో, పనిచేయని ఫ్యాన్ స్విచ్చో, అలాగే దాక్కుని ఉంటుంది. స్విచ్చుతో పని లేకుండా ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ ఇచ్చేయడం కూడా ఇలాంటిదే.

వాల్వ్ బాగుందో లేదో వంటింట్లోనే తేల్చుకోవచ్చు. దారం కట్టి, అడుగు తగలకుండా గిన్నెడు నీళ్లలో వేలాడదీసి స్టవ్ వెలిగించండి, పక్కన థర్మామీటర్ పెట్టండి. వాల్వ్ మీద ఎన్ని డిగ్రీలని ముద్ర ఉందో దాదాపు ఆ వేడికి మధ్యలో బిళ్ల మెల్లగా లేవడం మొదలవుతుంది. స్టవ్ ఆపాక మళ్లీ మూసుకోవాలి. ఈ రెండిట్లో ఏది జరగకపోయినా కొత్తది వేయాల్సిందే. బిగించేటప్పుడు దాని అంచున ఉన్న చిన్న కన్నం పైవైపు ఉండేలా చూడండి, గాలి బయటికి పోయేది అక్కణ్నుంచే. కొత్తది వేశాక మా బండి మళ్లీ 16కు దగ్గరగా వచ్చింది.

అపోహ: రేడియేటర్‌లో మామూలు నీళ్లు చాలు, మూత ఏదైనా పర్వాలేదు.

బోరు నీళ్లు పోస్తే లోపల గార కడుతుంది, తుప్పు పడుతుంది. రేడియేటర్ కోసమే అమ్మే కూలెంట్ ద్రవం తుప్పును ఆపుతుంది. ఇక మూత సంగతి. అది ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. మీద 0.9 అని ఉంటే, ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాక దాదాపు 118 డిగ్రీలకు మరుగుతాయి. మూతలో స్ప్రింగ్, రబ్బరు సడలితే ఆ లాభమంతా పోతుంది. బండి పదేపదే మరుగుతోంటే నేను ముందు మార్చేది మూతనే, ఖర్చు తక్కువ. వేడి మీద మాత్రం దాన్ని విప్పకండి, మొహం కాలుతుంది.

అపోహ: ఆయిల్ నల్లబడిందంటే చెడిపోయింది.

మసిని తనలో కలుపుకొని ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచుతుంది కాబట్టే నల్లబడుతుంది. కిలోమీటర్లు, నెలలు చూసి మార్చండి. భయపడాల్సింది ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపించినప్పుడు. అది ఆయిల్‌లో నీళ్లు కలిశాయనడానికి గుర్తు, ఇంజిన్ పైభాగానికీ కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

అపోహ: జాకీ గట్టిదైతే కింద దూరొచ్చు.

వద్దు. టైరు మార్చుకోవడానికి ఎత్తేదే జాకీ. ఇటుకలు పేర్చినా అవి ఒక్కసారిగా పగిలిపోతాయి. గట్టి, సమతలమైన నేల, నేల మీదున్న చక్రాలకు అడ్డు, బండి కింద బరువు మోసే జాక్ స్టాండ్లు. ఇవి కొనేదాకా నేను కారు కింద తల పెట్టలేదు. మీరూ పెట్టకండి.

అపోహ: 15 ఏళ్లు దాటిన కారు తుక్కుకే.

ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి ఫిట్‌గా ఉంటే 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. పాత బండ్లు ఆపేయాలన్న కట్టడి ఢిల్లీ పరిసరాల కోసం వచ్చింది.

అపోహ: వరద తీశాక ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బావమరిది కారు బానెట్ దాకా మునిగింది. నీళ్లు తీయగానే ఫోన్ చేశాడు. "బావా, తాళం తిప్పి చూడనా?" "ముట్టుకోకు, నేనొస్తున్నా" అన్నాను. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజిన్ తిరిగితే పిస్టన్‌ను ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీశాం. తర్వాత ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ బోల్టు విప్పితే మొదట నీళ్లే వచ్చాయి, అర లీటరు పైనే. నీళ్లు బరువు కదా, అడుగున చేరతాయి. వాటి వెనకే ఆయిల్ దిగింది. స్పార్క్ ప్లగ్గులు మూడూ తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పితే ప్లగ్గు కన్నాల్లోంచి బురదనీళ్లు చిమ్మాయి. ట్యాంకులో పెట్రోలంతా పారబోసి, ఫిల్టర్లు మార్చి, కొత్త ఆయిల్ పోసి, వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ మార్చాం. సీట్లు ఆరడానికే వారం పట్టింది. వైరింగ్ మాత్రం నా వల్ల కాలేదు, దాన్ని ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌కే అప్పజెప్పాను.