విషాద నాయకుడు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో తెలుగు నాటకాలు ఆడే మా చిన్న బృందంలో, విషాద నాయకుడి పాత్ర చేతికి రాగానే కొత్తవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "గురువుగారూ, ఇతను మంచివాడా, చెడ్డవాడా? అది తేలిస్తే చేసేస్తాను." ఇన్నేళ్ళ దర్శకత్వంలో నేను మళ్ళీ మళ్ళీ ఎదుర్కొన్న అపోహలకు మూలం ఆ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: విషాద నాయకుడిలో ఒకే లోపం ఉంటుంది, దాన్ని పట్టుకుంటే పాత్ర అర్థమైనట్టే.

వాస్తవం: విషాద నాయకుడి పతనానికి కారణమయ్యే పొరపాటుకు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ వాడిన 'హమార్తియా' అనే మాటకు మూలమైన గ్రీకు క్రియకు గురి తప్పడం అని అర్థం, దాన్ని కేవలం స్వభావదోషంగా చదవడం తరువాత స్థిరపడిన అలవాటు. గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ నాటకంలో రాజు ఈడిపస్ మూడు దారులు కలిసేచోట తనను కొట్టిన వృద్ధుణ్ణి చంపుతాడు, అతడే తన తండ్రి అని ఎరుగడు. కోపం అతని స్వభావం. తెలియకపోవడం స్వభావం కాదు. రెండూ కలిసే అతణ్ణి కూల్చాయి.

అపోహ: షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్ ఏ నిర్ణయమూ తీసుకోలేని మనిషి.

వాస్తవం: తన తండ్రిని చంపిన రాజు ప్రార్థిస్తుండగా అతణ్ణి చంపకుండా ఆగిపోయిన హామ్లెటే, మరుసటి దృశ్యంలో తెర వెనుక ఎవరున్నారో చూడకుండా రాజు సలహాదారు పొలోనియస్‌ను పొడిచేస్తాడు. పైగా జాప్యానికి తనను తాను నిందించుకునే నాలుగో అంకంలోని స్వగతం 1604–05 నాటి క్వార్టోలో (విడిగా అచ్చయిన చిన్న ప్రతిలో) ఉంది, 1623 నాటి ఫోలియోలో (నాటకాలన్నీ కలిపి అచ్చేసిన పెద్ద సంపుటిలో) లేదు. అందుకే అనువాదం తెచ్చినవారిని ఏ ప్రతి ఆధారమని నేను తప్పక అడుగుతాను.

అపోహ: మన సంప్రదాయంలో విషాద నాయకుడే లేడు.

వాస్తవం: మనకు దగ్గరిదైన బళ్ళారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాశారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందటిది, భాసుడిదిగా చెప్పే సంస్కృత నాటకం 'ఊరుభంగం'. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరకు వచ్చి కొడుకు దుర్జయుడు ఒడిలో కూర్చుంటానంటే, నీకు అలవాటైన ఆ ఆసనం నేటి నుండి లేదని తండ్రి చెబుతాడు. పగతో ఊగిపోతున్న అశ్వత్థామకు, ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చడాన్నీ, అభిమన్యుడి వధనూ, మాయాజూదాన్నీ గుర్తుచేసి, వాటి ముందు పాండవులు తనకు చేసింది స్వల్పమేనంటాడు. పద్యనాటకాల్లో మీసం మెలివేసే సుయోధనుణ్ణి చూస్తూ పెరిగిన మనవాళ్ళకు ఈ దుర్యోధనుణ్ణి ఎలా చూడాలో వెంటనే తోచదు, ఆ తడబాటు నాకెంతో విలువైనదిగా కనిపిస్తుంది.

అపోహ: పాత్ర సందిగ్ధమైనది కాబట్టి నటన కూడా అస్పష్టంగా ఉండాలి.

వాస్తవం: సరిగ్గా దీనికి విరుద్ధం. జయనగర్‌లో ఒక ఇంటి మేడ మీద 'ఊరుభంగం'లోని ఆ దృశ్యం రిహార్సల్ చేస్తున్నప్పుడు, మా దుర్యోధన పాత్రధారి మొదటి మాట నుంచే గొంతులో జాలి నింపాడు. దాంతో చేసిన పాపాలను ఒప్పుకునే మాటలు కూడా ఏడుపులో కలిసిపోయాయి. ఏడుపు పూర్తిగా మానమన్నాను. బాలుడు పరుగెత్తుకు రాగానే అలవాటు కొద్దీ రెండు చేతులూ చాచమనీ, అవి తొడల మీదికి దిగే లోపల నొప్పి గుర్తొచ్చి ఆపమనీ, ఒప్పుకోలు మాటలను మాత్రం రాజసభలో ఆజ్ఞ ఇచ్చినంత స్పష్టంగా పలకమనీ చెప్పాను. ఆ సాయంత్రం బాలుడి వేషం వేసిన పిల్లవాడు ఆగిపోయిన చేతుల వైపు చూసి, స్క్రిప్టులో లేకపోయినా తానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును ప్రదర్శనలోనూ అలాగే ఉంచాము.