మైకు పక్కోడికియ్యి నాయనా

మొన్న జనవరిలో నెల్లూరులో ఒక కాలేజీ కల్చరల్స్‌లో ర్యాప్ పోటీకి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. నాకున్న అర్హతల్లా పాత సీడీలు పారేయకుండా దాచుకోవడమే. పోటీ మొదలుకాబోతుంటే నిర్వాహకులు ఒక షరతు చెప్పారు: బూతు మాట వస్తే మైకు కట్. పేర్లిచ్చిన పిల్లల్లో సగం మంది అక్కడే మొహం మాడ్చుకున్నారు. ఒకబ్బాయి నా దగ్గరికొచ్చి, "బూతు లేకుంటే అది ర్యాప్ ఎట్టవుద్ది సార్? దానికన్నా హరికథ పెట్టుకోండి" అని వెళ్లిపోయాడు.

ఉండిపోయిన వాళ్లలో ఇంకొకడు స్టేజీ ఎక్కాడు. సన్నగా, గొంతు మాత్రం గట్టిగా ఉన్నాడు. నాలుగు లైన్లు దడదడా చెప్పాడు. ఐదో లైను చివర ప్రాస కట్టుకున్నదే ఒక తిట్టు మీద. అది నాలిక చివరిదాకా వచ్చింది, ఆగింది. బీటు దాని దారిన అది పోతోంది. వీడి చెయ్యి గాల్లోనే ఉంది, నోరు తెరిచే ఉంది. వెనక బెంచీల్లోంచి ఈలలు. మైకు కింద పెట్టేసి దిగిపోయాడు.

షరతు పెట్టినవాళ్ల మీద పిల్లలకు కోపం, పిల్లల మీద వాళ్లకు చిరాకు. ఆ సాయంత్రం టీ దగ్గర ఇదే తగువు. బూతు తీసేస్తే ర్యాప్‌లో పస ఉండదని ఒకరు, ర్యాప్ అంటేనే బూతు కాబట్టి అసలు పోటీయే వద్దని ఇంకొకరు. ఈ తగువు కొత్తదేం కాదు. 35 ఏళ్ల కిందట లాస్ ఏంజెలిస్‌లో ఒక చిన్న కొట్టులో ఇదే షరతు పెట్టారు. అందులోంచి ఇన్నర్‌సిటీ గ్రియోస్ అనే గొప్ప ర్యాప్ ఆల్బమ్ వచ్చింది, దాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు.

ఆ కొట్టు పేరు గుడ్ లైఫ్. ఆరోగ్యానికి మంచిదని చెప్పే తిండి సరుకులమ్మే చోటు, పక్కనే నాలుగు కుర్చీల కేఫ్. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే సౌత్ సెంట్రల్‌లో, క్రెన్షా వీధిలో, లైమర్ట్ పార్కుకు దగ్గర్లో ఉండేది. లైమర్ట్ పార్కు 1920ల చివర్లో వేసిన కాలనీ. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లను నల్లవాళ్లకు అమ్మకూడదని పత్రాల్లోనే రాసుకునేవాళ్లు. అలాంటి షరతులు కోర్టుల్లో చెల్లవని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక మెల్లమెల్లగా నల్లవాళ్లు వచ్చి చేరారు. తర్వాత ఆ పేటే వాళ్ల సంగీతానికి, బొమ్మలకు, కవిత్వానికి అడ్డా అయింది. పియానో వాయించే హొరేస్ టాప్‌స్కాట్ 1961లోనే అక్కడి వాద్యగాళ్లను కూడగట్టి పెద్ద బృందం కట్టాడు. 1965లో అదే ఊళ్లోని వాట్స్ పేట అల్లర్లలో తగలబడ్డాక ఆ బూడిదలోంచే వాట్స్ ప్రాఫెట్స్ అనే కవులు డప్పు మోత మీద పద్యం చెప్పడం మొదలుపెట్టారు. 1989లో డ్రమ్ములు వాయించే బిల్లీ హిగిన్స్, కవి కమావ్ దావూద్ కలిసి లైమర్ట్ పార్కులో వరల్డ్ స్టేజ్ అనే చిన్న హాలు తెరిచారు. అంటే ర్యాప్ పిల్లలు మైకు పట్టేనాటికే ఆ వీధుల్లో జాజ్ గాల్లో ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఆల్బమ్ దగ్గర పనికొస్తుంది.

అదే 1989లో బి.హాల్ అనే ఆమె, ఆమె కొడుకు ఆర్‌కెయిన్ బ్లేజ్ కలిసి గుడ్ లైఫ్‌లో గురువారం రాత్రుళ్లు ఓపెన్ మైక్ మొదలుపెట్టారు. ఎవరైనా పేరు రాసుకోవచ్చు, ఎక్కి చెప్పొచ్చు. బూతు మాత్రం రాకూడదు. బయట గ్యాంగులు కాల్చుకుంటున్న రోజులవి. రేడియోలో ఆ ఊరి ర్యాప్ అంటే తుపాకులు, తిట్లు. లోపలికొచ్చిన పిల్లవాడు మాత్రం ఆ రెండూ గుమ్మం దగ్గరే వదిలి రావాలి.

ఇంకో ఏర్పాటు కూడా ఉండేది, నాకు దీనిమీదే ఎక్కువ మోజు. చెప్పేవాడు తడబడినా, పాతచింతకాయ ప్రాసలు కట్టినా కూర్చున్నవాళ్లంతా ఒకే గొంతుతో "ప్లీజ్ పాస్ ద మైక్" అని అందుకునేవాళ్లు. మన మాటల్లో, మైకు పక్కోడికియ్యి నాయనా అని. అంతే, దిగిపోవాలి. న్యూయార్క్ నుంచి వచ్చిన పేరున్న ర్యాపర్‌ని కూడా ఇలాగే దించేశారు. రికార్డులున్నాయా, గొలుసులున్నాయా అని అక్కడ ఎవరూ చూడలేదు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తమ వంతు కోసం కాచుకున్న ర్యాపర్లే. పనితనం తెలిసినవాడి ముందు మోసం సాగదు కదా.

తిట్టు వాడొద్దంటే ఏమవుతుంది? తిట్టనేది ర్యాపర్‌కి పనికొచ్చే రాయి లాంటిది. ఎక్కడ ఖాళీ వస్తే అక్కడ కూరుకోవచ్చు, ఎక్కడ ప్రాస దొరక్కపోతే అక్కడ వేసుకోవచ్చు. అది లాగేసుకుంటే ఆ గుంట కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాన్ని పూడ్చడానికి గుడ్ లైఫ్ పిల్లలు మాటల వేగం పెంచారు, ప్రాసను లైను చివరనుంచి లైను మధ్యలోకి తెచ్చారు, గొంతును శాక్సఫోన్ లాగా వంచారు. మన అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్ని కాదంటుంటే అవధాని ఆ పక్క సందులోంచి పద్యాన్ని లాక్కుపోతాడు. అంతదాకా ఎందుకు, 13వ శతాబ్దంలో మన పెన్న ఒడ్డునే తిక్కన మనుమసిద్ధి కోసం రామాయణం రాస్తూ ఒక్క వచనం కూడా రానివ్వనని తనకు తానే గిరి గీసుకున్నాడు. అందుకే అది నిర్వచనోత్తర రామాయణం. తిక్కనను ఎవరూ ర్యాపర్ అనరు, నేనూ అనను. షరతు పెట్టుకుని రాయడం మనకు కొత్త కాదంటున్నానంతే.

గుడ్ లైఫ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. జురాసిక్ ఫైవ్ అనే ర్యాప్ గుంపుగా తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్లు అక్కడే కలిశారు. ఇప్పుడు సినిమా దర్శకురాలిగా అందరికీ తెలిసిన ఏవా డువర్నే అప్పుడు ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అనే జంటలో ర్యాప్ చేసేది. ఈ కేఫ్ మీద ఆమె 2008లో డాక్యుమెంటరీ కూడా తీసింది. అందరిలోకీ ఎక్కువ భయపెట్టిన గుంపు మాత్రం ఫ్రీస్టైల్ ఫెలోషిప్. మైకా నైన్, ఏసీఅలోన్, పీస్, సెల్ఫ్ జూపిటర్. 1991లో వీళ్లు మరికొందరు దోస్తులతో కలిసి సొంత డబ్బులతో మొదటి ఆల్బమ్ తెచ్చారు. కొద్ది కాపీలే వేశారు. అవి చేతులు మారి, క్యాసెట్ల మీద క్యాసెట్లు దించుకుని, చివరికి ఐలాండ్ రికార్డ్స్ వాళ్ల చెవిన పడ్డాయి. వాళ్ల ఫోర్త్ అండ్ బ్రాడ్‌వే లేబుల్ మీద 1993 ఏప్రిల్‌లో రెండో ఆల్బమ్ వచ్చింది. మొదట్లో చెప్పిన ఇన్నర్‌సిటీ గ్రియోస్ అదే.

గ్రియో అంటే పశ్చిమ ఆఫ్రికాలో వంశాల కథలు, యుద్ధాలు నోటితోనే దాచిపెట్టి పాడేవాళ్లు. మాలి, సెనెగల్, గినియా వైపు ఉంటారు. మన పక్క చెప్పాలంటే కొమ్ములవాళ్లు. నెల్లూరు రాజు నల్లసిద్ధికీ, ఆలమందలు తోలుకొచ్చిన కాటమరాజుకీ పుల్లరి దగ్గర వచ్చిన తగాదా, ఆ పోరులో సేనాని ఖడ్గ తిక్కన చచ్చిపోవడం, ఇదంతా మనదాకా వచ్చింది రాగిరేకుల మీద కాదు, కొమ్ము ఊది రాత్రంతా పాడినవాళ్ల గొంతుల మీద. ఊరి నడుమ మురికివాడకు అలాంటి కథకులం మేమే అని ఆ నలుగురు కుర్రాళ్లు అట్ట మీద పేరు వేసుకున్నారు. పొగరు ఎక్కువే, కానీ విన్నాక ఒప్పుకోవాల్సి వస్తుంది.

నాకా సీడీ 2004లో దొరికింది. మా మూలాపేటలో ఒకన్న అమెరికాలో ఎం.ఎస్. చేసి సెలవులకు వస్తూ పెట్టె నిండా డిస్కులు తెచ్చాడు. అన్నీ తనే కాపీ చేసుకున్నవి, మీద స్కెచ్ పెన్నుతో పేర్లు. దీని మీద పేరు కూడా సగం చెరిగిపోయింది. మొదటిసారి పెడితే తలనొప్పి వచ్చింది. నలుగురూ ఒకరి మాట మీద ఇంకొకరు పడి, ఒకడు గొణుగుతుంటే ఇంకొకడు రాగం తీస్తూ, మూడోవాడు చిన్నపిల్లాడి గొంతు పెట్టి. మా అమ్మ లోపల్నుంచి, "ఏంది రా ఆ కొట్లాట" అంది. పక్కన పడేశాను. ఒక ఏడాది తర్వాత కరెంటు పోయిన ఒక రాత్రి దాన్ని సీడీ వాక్‌మన్‌లో పెట్టుకుని పన్నెండో పాట దగ్గర లేచి కూర్చున్నాను.

ఆ పాట పార్క్ బెంచ్ పీపుల్. ట్రంపెట్ వాయించే ఫ్రెడ్డీ హబ్బర్డ్ 1970లో చేసిన రెడ్ క్లే అనే జాజ్ బాణీని బ్యాండు వాయిస్తుంటే మైకా నైన్ ఒక్కడే పాడతాడు, బెంచీల మీద పడుకునే ఇల్లూ వాకిలీ లేనివాళ్ల గురించి. జాలి చూపించడు, ఉపన్యాసం ఇవ్వడు. బాస్ గిటారు నింపాదిగా నడుస్తుంటే గొంతు దాని వెనక నడుస్తుంది, ముందుకు దూకుతుంది, ఒక్కోచోట మాట మానేసి ట్రంపెట్ అయిపోతుంది. లైమర్ట్ పార్కు గాల్లో ఉన్న జాజ్ అని ఇందాక అన్నది దీని గురించే. పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి అతికించడం అప్పటికి ర్యాప్‌లో మామూలు పని. 1991 డిసెంబరులో ఒక కోర్టు తీర్పు అడగకుండా కోసుకోవడం దొంగతనమే అనేసరికి అది ఖరీదైన పనైంది. ఆ గుంపుకేమో వాయించేవాళ్లు ఇంటి పక్కనే ఉన్నారు.

ఏసీఅలోన్ పాడిన కార్న్‌బ్రెడ్ అనే పాట ఇంకో దారి. తిండి పేర్లు, పిచ్చి మాటలు, పిల్లల పాటలా మొదలై ఊపిరి సలపనివ్వనంత దూరం పోతుంది. ఇన్నర్ సిటీ బౌండరీస్ అనే పాటలో వేలు చిటికేసినంత తేలిగ్గా మైకు అందించుకుంటారు. లోపాలు లేకపోలేదు. కేఫ్‌లో పాటించిన మడి ఆల్బమ్‌లో అంతగా పాటించలేదు. ఆడవాళ్ల ప్రస్తావన వచ్చినచోట ఒకటి రెండు పాటలు ఇప్పుడు వింటుంటే ఇబ్బందిగా ఉంటాయి. వేగం చూపించుకోవాలన్న యావలో అర్థం నలిగిపోయిన చోట్లూ ఉన్నాయి.

మరి ఎందుకు మరుగున పడింది? 1992 ఏప్రిల్ 29న రాడ్నీ కింగ్ అనే నల్లవాణ్ని కొట్టిన పోలీసులను కోర్టు వదిలేసింది. ఊరు తగలబడింది, 50 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్ అంటే ప్రపంచానికి ఒకే బొమ్మ. అదే ఏడాది డిసెంబరులో ఆ ఊరి ర్యాపర్ డాక్టర్ డ్రే ఆల్బమ్ ద క్రానిక్ వచ్చింది. నెమ్మదైన బీటు, సన్నటి సింథ్ కూత, కారులో వేసుకుంటే ఒళ్లు ఊగుతుంది. లక్షల్లో అమ్ముడైంది. 1993 నవంబరులో స్నూప్ డాగ్ తన ఆల్బమ్‌తో వచ్చాడు, న్యూయార్క్ వైపు వూ టాంగ్ అనే గుంపు ఆల్బమ్ వచ్చింది. ఏప్రిల్‌లో వచ్చిన ఈ నలుగురూ మధ్యలో చిక్కుకున్నారు. తుపాకుల గ్యాంగ్‌స్టా ర్యాప్ కావాలనుకున్నవాడికి వీళ్లు మరీ వంకర, మెత్తటి జాజ్ ర్యాప్ కావాలనుకున్నవాడికి మరీ కరుకు. కొట్టులో ఏ అరలో పెట్టాలో తెలియని సరుకు మూలకు చేరుతుంది. దానికితోడు సెల్ఫ్ జూపిటర్ జైలుకు పోయాడు, గుంపు చెల్లాచెదురైంది. ఏసీఅలోన్ 1995లో ఒంటరిగా ఆల్బమ్ చేశాడు. వాళ్లు మళ్లీ కలిసి ఆల్బమ్ తేవడానికి 2001 దాకా పట్టింది.

గుడ్ లైఫ్ రాత్రుళ్లు కూడా అలాగే నిలవలేదు. 1994 చివర్లో ఆ పిల్లలు లైమర్ట్ పార్కులో బెన్ కాల్డ్‌వెల్ నడిపే కేయాస్ నెట్‌వర్క్ అనే చోటికి మారి ప్రాజెక్ట్ బ్లోడ్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ బూతు మీద నిషేధం లేదు. మైకు పక్కోడికియ్యి అనే కేక మాత్రం వాళ్లతోపాటే వెళ్లింది. నా లెక్కలో అసలు కీలకం అదే. తిట్టు వాడొద్దన్న షరతు ఒక్కటే ఉండి, తెలిసి వినే గది లేకపోతే వచ్చేది నీతి పాట. మా పోటీలో షరతైతే ఉంది. వినేవాళ్లలో ఈల వేసేవాళ్లే తప్ప, ఏ లైను ఎందుకు కూలిందో చెప్పగలిగినవాళ్లు లేరు. జడ్జిగా కూర్చున్న నేను కూడా మార్కులేసి ఊరుకున్నాను.

పోటీ అయ్యాక గేటు బయట టీ కొట్టు దగ్గర ఆ దిగిపోయిన అబ్బాయి కనబడ్డాడు. ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవికిచ్చి ఫోన్లో పార్క్ బెంచ్ పీపుల్ పెట్టాను. ఇంగ్లీషు సగం కూడా అందలేదని వాడి మొహం చెబుతోంది. గ్లాసు చేతిలో చల్లారిపోతున్నా తాగలేదు. మూడు నిమిషాలు దాటాక ఇయర్‌ఫోన్ తీయకుండానే అడిగాడు.

"ఏందన్నా ఇది, ఈయన పాడతా ఉండాడా, మాట్లాడతా ఉండాడా?"